కండె మీద చుట్టిన కాయిల్

నగరిలో మురుగేష్ ఇంటి ముందుగదిలో నాలుగు పవర్‌లూమ్‌లు. అవి ఆడుతుంటే పక్కన నిలబడ్డ మనిషి మాటే వినబడదు. వెనక గదిలో మూణ్ణెల్ల పాప ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది? పోయిన వారం గుక్కపట్టి ఏడ్చి, పెదాలు నీలంగా మారేదాకా తెలియలేదు. అందుకే మురుగేష్ ఉయ్యాల పక్కన మైకూ, చిన్న ట్రాన్స్‌మిటరూ బిగించాడు. రిసీవర్ తన జేబులో, ఇయర్‌ఫోన్ చెవిలో.

సిగ్నల్ అందలేదు. యాంప్లిఫయర్ కలిపితే చెవి చిల్లులు పడేంత బరబర.

“ఏమయ్యా, పాప ఏడుపు కన్నా నీ పెట్టె ఏడుపే పెద్దగా ఉండాదే!” అంది భార్య గీతాంజలి.

“మోటార్ల గోల గూడా పెంచేస్తా ఉండాదిమే. ముందర ఫిల్టర్ పెడితే పాప గొంతొకటే వస్తాది.”

ఫిల్టర్‌కి రాగితీగ చుట్టడానికి సన్నటి గొట్టం కావాలి. దేవుడి గూట్లో మురుగేష్ అవ్వ కుప్పమ్మ నేతదారం చుట్టిపెట్టిన వెదురు కండె ఉంది. ఆమె గుంటమగ్గం మీద నేస్తూ నేస్తూనే పోయింది. ఆ గుంట పూడ్చి, సిమెంటు పోసి, సరిగ్గా దాని పైనే ఇప్పుడు పాపకి చీర ఉయ్యాల కట్టారు. పోయినవాళ్ల ఆఖరి కండె విప్పకూడదని ఆ ఇంట్లో ఆచారం. మురుగేష్ కొలత చూశాడు. సరిపోయింది. నెమలికంఠం రంగు దారం ఊడదీసి నీళ్లపొయ్యిలో వేశాడు.

సాయంత్రం కండె మీద తీగ చుట్టి, ఫిల్టర్ బిగించి, మగ్గాల మధ్య నిలబడి దాని ట్రిమ్మర్ మర తిప్పాడు. బరబర సన్నగిల్లింది. పాప ఊపిరి... ఎంత స్పష్టంగా ఉందో! దాని వెనకే ఉయ్యాల కిర్రుమంది. ఆ తర్వాత, టక్.

కిర్రు... టక్.

గీతాంజలి ఊపుతోందనుకున్నాడు. తలెత్తి చూస్తే ఆమె ఎదురుగా తెగిన పోగు ముడేస్తోంది.

కరెంటు పోయింది. నాలుగు మగ్గాలూ ఒక్కసారిగా ఆగాయి. వేడెక్కిన మోటార్ల నూనె వాసన. చీకటి. వెనక గదిలో ట్రాన్స్‌మిటర్‌కీ ఆ కరెంటే.

కిర్రు... టక్.

ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టాడు.

“మీ అవ్వ...” ఆమె వెనక గది వైపు తిరిగింది. “ఉయ్యాల తాడు మగ్గం తొక్కుడు చెక్కకి కట్టుకోని నేసేదంటివే... ఇట్లేనా?”

చప్పుడు ఆగింది. పాప ఊపిరి కూడా ఆగింది.

ఇద్దరూ పరిగెత్తారు. ఫోన్ వెలుగులో ఉయ్యాల ఇంకా ఊగుతోంది. పాప నిద్రలో ఉంది. పొట్ట కదులుతోంది. గీతాంజలి ఎత్తుకోబోయింది... పాప కాలు పైకి రాలేదు.

కుడి చీలమండకి నెమలికంఠం రంగు దారం. నేతముడి. ఉయ్యాల గుడ్డ దాటి నేల దాకా దిగి, సిమెంటులోకి పోయింది. నేల మీద పగులు లేదు.

“కోసెయ్...” గుసగుసగా అంది.

కోశాడు. కింది కొస నీళ్లలోకి జారినట్టు నేలలోకి జారిపోయింది.

గీతాంజలి పాపని గట్టిగా హత్తుకుంది. మురుగేష్ రిసీవర్ తెరిచి బ్యాటరీ పీకేశాడు.

టక్.

నిద్రలోనే పాప కుడికాలు చెక్కని తొక్కినట్టు కిందికి నొక్కింది.