బేరం చాయ్

మే నెల. పొద్దున ఎనిమిదికే గచ్చు కాలుతోంది. అలాంటి ఎండలో సాక్సులు తొడుక్కుంటున్న నాన్నను చూసి మానస తింటున్న దోసె పక్కన పెట్టింది. ఓంప్రకాశ్‌ది కొత్తవాడలో జంపఖానాల దుకాణం. ముప్పై ఏళ్లుగా చెప్పులు గడప బయట విడిచి, పరిచిన జంపఖానాల మీద వట్టి కాళ్లతో కూర్చునే మనిషి ఆయన.

"ఏంది నాన్నా, సాక్సులు?"

"జర చల్లగైతున్నయి కాళ్లు."

"ఈ ఎండలనా?"

ఆయన బండి తీసుకుని వెళ్లిపోయాడు.

మానస హనుమకొండలో సైకాలజీ ఎమ్మే చదువుతోంది. మనుషులు ఆరోగ్యపు అలవాట్లు ఎందుకు చేసుకుంటారు, ఎందుకు చేసుకోరు అన్నదే ఆమె ప్రాజెక్టు. ముప్పు ఎంత పెద్దదో తెలిస్తే మనిషి మారతాడని పుస్తకంలో చదివింది. చదివింది ఇంట్లో పనికి రాకపోతే ఆ చదువెందుకు? ఆరేళ్ల నుంచి షుగరున్న నాన్న కోసం, పుండు ముదిరి వేళ్లు తీసేసిన కాళ్ల ఫొటోలు నెల కిందట ఫ్రిజ్ తలుపుకు అతికించింది. మర్నాటి నుంచి ఆయన ఫ్రిజ్ జోలికే పోలేదు. నీళ్లు కుండలోంచి ముంచుకుంటున్నాడు. తీపి చాయ్ మాత్రం మానలేదు.

ఆ సాక్సుల సంగతి తేల్చాల్సిందే అనుకుని మధ్యాహ్నం దుకాణానికి వెళ్లింది. నేత నేసే ముసలామె కట్టమ్మ అప్పుడే రెండు జంపఖానాలు తెచ్చి పరిచి, ధర కుదుర్చుకుంది. ఆ దుకాణంలో ఒక పద్ధతుంది. ధర కుదిరాక ఒక్క చాయ్ తెప్పించి ఇద్దరూ చెరిసగం తాగాలి. తాగితేనే మాట ఖాయం. అలా ఆయన కడుపులోకి రోజుకు ఎన్ని సగాలు పోతాయో ఆయనకే తెలియదు.

"సాక్సు తీయి నాన్నా."

"ఇంటికి పోయినంక చూద్దువు గాని."

"ఇప్పుడే తీయాలె."

వంగి తనే లాగేసింది. బొటనవేలి పక్కన నల్లటి అంచుతో పుండు.

"ఎన్ని రోజులాయె?"

"పది."

"నీకు భయం లేదా?"

"భయం లేకుంటే ఎందుకు దాచుకుంట బిడ్డా?" ఓంప్రకాశ్ కాలు వెనక్కి లాక్కున్నాడు. "మా బాపుకు కాలు తీసిననాడు దవాఖానల కాడ ఉన్నది నేనే. నీ ఫొటోలు నాకు కొత్తనా? మూడుసార్లు మానిన ఈ చాయ్. నాలుగో నాడు ఎవలో ఒకలు బేరానికొస్తరు. వద్దంటే సేటు మాట తప్పిండని మొఖం చిన్నబుచ్చుకుంటరు. నాతోని కాదు. కానిదానికి డాక్టరు కాడికి పోయి తిట్లు తినుడెందుకు?"

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అదే జరిగింది మానసకు. భయం ఒక్కటే పెట్టి, నీకు చేతనవుతుందన్న నమ్మకం ఇవ్వకపోతే మనిషి ముప్పును వదిలి ముప్పు మాటను తప్పించుకుంటాడు. అది కూడా ఆ పుస్తకంలోనే ఉంది. పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"తప్పు నాదే నాన్నా. బెదిరిచ్చిన గాని ఆసరా కాలేదు."

కట్టమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "చాయ్ తాగాలె గాని, అండ్ల చక్కెర ఉండాలెనని ఎవలన్నరు సేటూ?" అని, ఎదురుగా ఉన్న హోటలాయనకు చక్కెర లేని చాయ్ పంపమని కేకేసింది.

చాయ్ వచ్చింది. కట్టమ్మ ముందు తన సగం తాగింది. మొఖం అష్టవంకరలు పోయింది గాని చుక్క మిగల్చలేదు.

"నాది అయింది. మాట ఖాయం కావాలంటే నీది తాగు. సేటు బేరం చాయ్‌ల ఇగ చక్కెర ఉండదని మా వాడకట్టోళ్లకు నేను చెప్త."

ఓంప్రకాశ్ గ్లాసు అందుకుని కూతురి వైపు చూశాడు. "రోజూ చేతనైతదంటవా?"

"ముందుగాల ఇదొక్కటి తాగు నాన్నా."

తాగాడు. గ్లాసు కింద పెట్టి, రెండో సాక్సు తనే విప్పాడు. "షటర్ దించు బిడ్డా. దవాఖానకు పోదాం."

ఇంకో వారం ఆగితే వేలు దక్కేది కాదన్నాడు డాక్టరు. ఇంటికి రాగానే మానస ఫ్రిజ్ మీది ఫొటోలన్నీ పీకేసింది.

నాలుగో రోజు సాయంత్రం ఓంప్రకాశ్ కట్టు కట్టిన కాలితో మెల్లగా నడిచొచ్చి, ఫ్రిజ్ తెరిచి నీళ్ల సీసా తీసుకున్నాడు.

"ఇయ్యాల ఆరుగురు వచ్చిన్రు బేరానికి" అన్నాడు. "ఒక్కల చాయ్‌ల గూడ చక్కెర లేదు బిడ్డా."