అత్తమ్మ మందుకు తాళం

"మా అమ్మ పానం పోతుంటే, మందుకు తాళమేసి బజార్ల తిరుగుతవా!"

గడప దాటకముందే, తల్లిని చూడ్డానికి వచ్చిన ఆడపడుచు శోభారాణి కేక జ్యోతిని నిలువునా కోసేసింది. కూరల సంచి అక్కడే వదిలి లోపలికి పరుగెత్తింది. మంచం మీద అత్తగారు సీతాబాయి చీరకొంగు పళ్ల మధ్య బిగించి మూలుగుతోంది. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఇక నయం కాదనీ, బాధ మాత్రం తగ్గించవచ్చనీ హైదరాబాద్ డాక్టరమ్మ మార్ఫిన్ మాత్రలు రాసింది. వేళకు వేస్తే ఆ తల్లి లేచి కూర్చుని నాలుగు మెతుకులు తింటుంది... ఈ రోజు ఆటో దొరక్క జ్యోతికి ఆలస్యమైంది!

కొంగుకు కట్టుకున్న తాళంచెవితో అల్మారా తెరిచి మాత్ర మింగించింది.

"ఒక్కటేనా? ఇంకోటియ్యి! ఎట్ల ఒర్లుతుందో కనవడ్తలేదా?"

"వద్దు వదినె... డాక్టరమ్మ చెప్పినదానికంటే ఎక్కువిస్తే ఊపిరి ఆగిపోతదట. జర సేపట్ల తగ్గుతది."

"కోహీర్ల అత్తగారింట్ల ఉన్న నాకేం తెలుస్తదనుకున్నవా! అమ్మ పీడ పోవాల్ననే తాళమేసినవు!"

జ్యోతి అత్తగారి నుదుటి చెమట తుడవసాగింది.

అప్పుడే పని నుంచి వచ్చిన భర్త రామ్‌కిషన్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అక్కా, జ్యోతినేమనకు... ఆ తాళం అమ్మకు గాదు, నాకు!"

శోభారాణి తమ్ముడి వైపు తిరిగింది.

"లారీ మీదికెళ్లి కింద పడ్డప్పుడు నడుముకు గిసొంటి గోళీలే ఇచ్చిన్రు. నొప్పి పోయింది గానీ గోళీ ఇడువలే. ఏసుకోకుంటే చెమటలు, వణుకుడు... ఆఖరికి అమ్మ గోళీలు గూడ నేనే మింగిన! అమ్మ ఆ పొద్దంత నొప్పితోని ఏడ్చింది. జ్యోతే నన్ను దవాఖానకు తోల్కపోయి ఇలాజ్ చేయిస్తుంది. నా ఇజ్జత్ పోవద్దని ఎవరికీ చెప్పలే..."

మూలుగు మెల్లగా సన్నగిల్లింది. సీతాబాయి తడుముకుంటూ కోడలి చెయ్యి పట్టుకుంది.

"నాకు ఎరుకనే శోభా... ఈ పిల్ల లేకుంటే నేనూ లేను, వాడూ లేడు."

శోభారాణి మంచం పక్కనే కూలబడింది. కళ్లు తుడుచుకుని లేచింది.

"గోళీ ఎప్పుడెప్పుడియ్యాల్నో చెప్పు జ్యోతీ. తాళంచెయ్యి నా దగ్గర పెట్టుకుంట. నువ్వు పోయి పండు... నీ మొఖం సూడు, ఎట్లయిందో!"

ఆ ఇంట్లో పడుకొమ్మని ఎవరైనా అని ఎన్నాళ్లయిందో! జ్యోతి పక్కగదిలో చాప మీద ఒరిగింది. తనివితీరా ఏడవాలనుకుంది... ఏడుపు రాకముందే నిద్ర పట్టేసింది.