పొగమంచు అడిగిన పేరు

అసుర సంధ్య! మున్నార్ కొండల మీద ఉరుములు దొర్లుతున్నాయి... పచ్చని తేయాకు తోటలు నల్లబడిపోయాయి. ఎక్కడో గుడ్లగూబ కూసింది!

పాక గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు మణిశంకర్. లోపల కపాలం ముందు కూర్చుని ఉంది అతని భార్య శ్రీదుర్గ! ఎదురుగా కత్తి పట్టుకుని ఓ ముసలివాడు! విరబోసిన జుట్టు... తేలిపోయిన కళ్లు... ఆమె గొంతులోంచి వస్తున్న మూలుగు ఆడదానిది కాదు!

పెళ్లయి నెల నిండలేదు. పాలకొల్లు నుంచి హనీమూన్‌కి వచ్చారు. మధ్యాహ్నం తోటలో సెల్ఫీలు తీసుకుంటుంటే ఈ ముసలివాడే తెలుగులో పలకరించాడు.

"మనవైపు వాళ్లేనా అండీ? మాది రామచంద్రపురం. నీ పేరేంటమ్మా? గోత్రం?"

పరాయి చోట తెలుగు మాట వినబడితే గోదావరివాళ్ల నోరు ఆగుతుందా! రెండూ గడగడా చెప్పేసింది శ్రీదుర్గ. క్షుద్రోపాసకుడికి కావలసినవీ ఆ రెండే! పొద్దువాలగానే ఆమె నిద్రలో నడిచినట్టు కాటేజీ దాటింది. మణిశంకర్ వెనకే పరుగెత్తుకొచ్చాడు.

"భారద్వాజస గోత్రోద్భవాం... శ్రీదుర్గా నామధేయాం... బలిం గృహాణ!"

మాంత్రికుడు కత్తి ఎత్తాడు. పొగమంచు పాకలోకి జొరబడి, ఆకారం దాల్చి, ఆకలిగా నిలబడింది!

మణిశంకర్ ఉలిక్కిపడ్డాడు. అలవాటు కొద్దీ పుట్టింటి గోత్రం చెప్పేసింది పిచ్చిది!

"తప్పు! తాళి కట్టినప్పుడే ఆవిడ మా గోత్రంలోకి వచ్చేసింది! మాది కౌండిన్యస! భారద్వాజస వాళ్లెవరూ లేరిక్కడ!"

ఆకారం ఆగింది. లేని మనిషిని చూపించి విస్తరి వేస్తే మహాశక్తి ఊరుకుంటుందా! పిలిచినవాడి మీదికే తిరిగింది.

"వద్దూ... నేను నీ దాసుణ్ణి!"

కపాలం పక్కన గుప్పెడు బూడిద మిగిలింది.

భార్యను భుజాన వేసుకుని తోటలోకి పరుగుతీశాడు మణిశంకర్. గండం గడిచిందనుకున్నాడు. అంతలో వెనకనుంచి చల్లని గుసగుస...

"కౌండిన్యస గోత్రం... పేరు?"

తన గోత్రం తానే అప్పజెప్పాడు! పళ్లు బిగించాడు. అంతలో కాలు జారింది. చెరోవైపు పడ్డారు. ఊపిరందక అతని నోట మాట రాలేదు.

"ఏవండీ... ఏవండీ!"

శ్రీదుర్గకు స్పృహ వచ్చింది! మొగుణ్ణి పేరుపెట్టి పిలిస్తే ఆయుష్షు తరుగుతుందని అమ్మమ్మ చెప్పిన మాట ఆమె ఏనాడూ జవదాటలేదు. కానీ చుట్టూ తెల్లని చీకటి... జవాబు లేదు... పాపం, ఏడుస్తూ గొంతెత్తింది.

"మణిశంకర్!"

ఆమె నోట తన పేరు వినడం అతనికదే మొదటిసారి. పలకబోయాడు. పొగమంచు అతని నోరు మూసేసింది.