నల్లపావుల గెలుపు

శవం ఇంకా కుర్చీలోనే ఉంది. ఎడమ అరచేయి నుదుటికి ఆనింది. కుడిచేయి ఒడిలో ముడుచుకొని ఉంది. ఎదుట చదరంగపు బల్ల. టోర్నమెంటులో చివరి ఆట. తెల్లపావులతో ఆడిన మృతుని గడియారం సున్నాకు చేరింది. సమయం మించిపోవడంతో నల్లపావులు నెగ్గాయి.

నెగ్గినవాడు మృతుని తోడబుట్టిన తమ్ముడు.

"వీడే చంపాడు సార్!" మృతుని భార్య గోడకు చేరగిలబడి అరిచింది. "రెండేళ్లుగా మాటల్లేవు వీళ్లకి. బల్లమీది ఆ నీళ్లలో ఏం కలిపాడో అడగండి!"

డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. "విషం కాదమ్మా, గుండెపోటు. వెంటనే ఎవరైనా గమనించి ఉంటే దక్కేవాడేమో."

ఇన్‌స్పెక్టర్ తమ్ముడివైపు తిరిగాడు.

"ఎంతసేపు కదలకుండా ఉన్నారాయన?"

"అరగంట సార్."

"అనుమానం రాలేదా?"

"ఆలోచిస్తున్నాడనుకున్నా. అప్పుడు పలకరించకూడదు."

"నిజమే సార్," అన్నాడు రిఫరీ. "ఒకసారి ఓ ఆటగాడు గుర్రుపెట్టి నిద్రపోయినా ఎవరూ లేపలేదు."

ఇన్‌స్పెక్టర్ వంగి, మృతుని వేళ్లను మెల్లగా విడదీశాడు. లోపల నల్లగుర్రం!

"చివరగా పోయిన పావు ఇదేనా?"

"ఔను."

"ఏ గడిలో ఉండేది?"

తమ్ముడు వేలితో చూపాడు. అక్కడ తెల్ల ఏనుగు నిలిచి ఉంది.

"అంటే ఆయన ఎత్తు వేసేశారు. వేసేశాక ఇంకేం ఆలోచిస్తారు? గడియారం నొక్కి తన సమయం ఆపుకోవాలి. నొక్కలేదు. మీరది చూశారు."

తమ్ముడు గడియారంవైపు చూశాడు.

"చూశాను. మరిచిపోయాడనుకున్నా. గుర్తు చెయ్యాలని రూలేం లేదు సార్. ఆట నేర్పింది అన్నయ్యే. ఒక్కసారైనా ఓడించాలని... గడియారాన్నే చూస్తూ కూర్చున్నా. మొహం చూడలేదు."

అతడు సంకెళ్లకోసం రెండు చేతులూ చాచాడు.

"మీమీద పెట్టడానికి ఏ సెక్షనూ లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఒక మనిషిని నిర్దోషి అని చెప్పడం ఇంత భారమవుతుందని ఆయన ఏనాడూ ఎరుగడు.

వదిన లేచి వచ్చింది. కొడుతుందేమోనని కానిస్టేబుల్ అడ్డుపడబోయాడు. ఆమె కొట్టలేదు.

"గెలుపు కావాలని అడిగితే ఇచ్చేసేవాడు కదయ్యా! నీకేది కాదన్నాడు?"

తమ్ముడు కుర్చీముందు కూలబడ్డాడు. అన్న మోకాళ్లను రెండు చేతులా చుట్టుకున్నాడు.

"అన్నయ్యా," అన్నాడు, పక్కవాళ్లకు వినబడకూడదన్నట్లుగా. "గడియారం నొక్కలేదు నువ్వు."