ఏడో లెవెల్‌లో పూలబుట్ట

దౌత్యాధికారి హోటల్ స్నానాలగదిలో చనిపోయిన తీరూ, ఆ వీడియో గేమ్ మూడో లెవెల్‌లో మనిషి చనిపోయే తీరూ ఒక్కటే. మెడకి సన్నటి తీగ, తెల్లటి టైల్స్ మీద నెత్తురు, కట్టెయ్యని కుళాయి. కాకపోతే గేమ్ వారం ముందే విడుదలైంది.

"కూర్చో," అంది చీఫ్. డిపార్ట్‌మెంట్ మొత్తం ఆవిడని చాటుగా అత్తయ్య అంటుంది.

ఏజెంట్ కూర్చోలేదు. ఒకచోట కాలు నిలవదు కనకే అతనికి బొంగరం అని పేరు.

"గేమ్‌లో హింస మితిమీరిందని ఊరంతా గోల. మన బాధ వేరు. ఒక విదేశీ ముఠా ఆ స్టూడియోలో దూరి, హత్యలకి ముందుగా అందులో రిహార్సల్స్ వేయిస్తోంది. ఏడో లెవెల్ ఇంకా బయటికి రాలేదు. అందులో చచ్చేదెవరో కనుక్కో."

"లోపల మనవాళ్లున్నారా మేడమ్?"

"ఒక నటి ఉంది. గేమ్‌లో హంతకుడి కదలికలూ, చచ్చేవాళ్ల కదలికలూ అన్నీ ఆమెవే. మనకీ పనిచేస్తుంది, వాళ్లకీ పనిచేస్తుంది. పదిహేను రోజులుగా ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడెవరి మనిషో దేవుడికే తెలియాలి."

పదకొండింటికి బొంగరం సెన్సార్ అధికారి వేషంలో స్టూడియోలో ఉన్నాడు. ఫోను గేటు దగ్గరే తీసేసుకున్నారు. గేమ్ డైరెక్టర్ అతని భుజం వెనకే నిలబడి ఏడో లెవెల్ పెట్టించాడు.

తెర మీద హంతకుడు పూలబుట్టతో వేదిక ఎక్కాడు. ఒకావిడ మెడ చుట్టూ తీగ బిగిసింది. మడమలు నేలని టకటకా కొట్టుకున్నాయి, ఆగాయి, మళ్లీ ఒక్కసారి కొట్టుకున్నాయి. ఆ చివరి కొట్టుకోవడం బొంగరం నిజంగా ఒకసారి చూశాడు, తన చేతుల్లోనే ప్రాణం విడిచిన మనిషిలో.

"ఇంత ఘోరంగా ఎందుకండీ?"

"రియలిజం సార్," నవ్వాడు డైరెక్టర్.

"నేనే పట్టుబట్టాను," అంది వెనకనుంచి ఓ గొంతు. నల్లటి బిగుతు సూటు, ఒంటినిండా కదలికల్ని కెమెరాకి పట్టిచ్చే మెరిసే చుక్కలు, గదిలో చూపులన్నీ తనవైపు లాక్కునే అందం. నటి.

"గేమ్‌లో గొడుగు దొరుకుతుందా?" బొంగరం కోడ్ వదిలాడు.

"వాన వెలిసిందిగా సార్." జవాబు సరిగ్గానే వచ్చింది. "మీరూ ఓసారి ఈ చుక్కల పట్టీలు కట్టుకుని చూడండి."

అతని మణికట్టుకి పట్టీ బిగిస్తూ గుసగుసలాడింది. "నా మీద కన్నేసి ఉంచారు. కబురు పంపే దారి లేక చావుల్ని ఇంత భయంకరంగా నటించాను. జనం గోల పెడితే మీలాంటివాళ్లు రాక తప్పదని. నిన్న ప్లాన్ మారింది. పూలవాడు కాదు, మైకువాడు. వెళ్లండి."

తెర మీది హాలు అతనికి తెలిసినదే. ఇవాళ పన్నెండున్నరకి అక్కడ పొరుగుదేశపు మంత్రి నదీజలాల ఒప్పందం మీద సంతకం పెడుతోంది. ఆవిడ చస్తే రెండు దేశాలూ కత్తులు దూసుకుంటాయి.

గేటు దగ్గర ఫోను లాక్కుని, దాని పరికరం చెవిలో పెట్టుకుని చీఫ్‌కి చేశాడు. "స్టూడియో చుట్టుముట్టండి. నటిని కాపాడండి. హాల్లో సంతకాలు ఆపించండి."

"భద్రతకని హాల్లో జామర్లు పెట్టారు, లోపల ఎవరికీ ఫోను కలవదు. నువ్వే పరిగెత్తు!"

పన్నెండూ ఇరవై తొమ్మిది. బొంగరం రొప్పుతూ గుర్తింపు కార్డు చూపించి హాల్లో వేదిక తెర వెనక్కి చొరబడ్డాడు. ఎడమవైపు నుంచి బుట్టతో పూలవాడు వస్తున్నాడు. కుడివైపు మైకువాడు మంత్రి కాలర్ సవరిస్తున్నాడు. ఒక్కడినే పట్టుకోగలడు. ఆమె అబద్ధమాడి ఉంటే?

కళ్ల ముందు ఆ మడమలు మెదిలాయి. ఒక ప్రాణం పోవడం ఎంత ఘోరమో అంత నిజాయితీగా చూపించిన మనిషి. నమ్మాడు.

కుడివైపు దూకాడు. వైరు అప్పుడే మంత్రి మెడ చుట్టూ తిరుగుతోంది. బొంగరం తన వేళ్లు మధ్యలో దూర్చాడు. తీగ చర్మంలోకి దిగింది. పళ్లు బిగబట్టి, రెండో మోచేత్తో మైకువాడి గొంతు మీద ఒక్కటిచ్చాడు. వాడు చప్పుడు లేకుండా కూలబడ్డాడు. పూలవాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు, బుట్టలో ఉన్నవి ఉత్త పూలే.

చెవిలో పరికరం గరగరలాడింది. జామర్లు తీసేసినట్టున్నారు. "డైరెక్టర్ దొరికాడు. ఆ పిల్ల క్షేమం," అంది అత్తయ్య గొంతు.

మంత్రి వెనక్కి తిరిగేసరికి కింద పడ్డవాణ్ని భద్రతా సిబ్బంది పక్కగదిలోకి లాగేశారు. నెత్తురోడుతున్న చేతిని జేబులో దాచుకుని, బొంగరం రెండో చేత్తో మైకు సరిచేశాడు.

"చిన్న మైకు తగిలించడానికి ఇంతమందా?" విసుక్కుంది ఆవిడ. "మీ దేశంలో పని ఎలా సాగుతుందయ్యా?"