మూడో శిలాఫలకం

పొద్దున్నే షెడ్డులో గ్రైండరు మొదలైందంటే లీలావతి వంటింటి కిటికీ మూసేయాల్సిందే. లేకపోతే రాతిపొడి వచ్చి చట్నీలో పడుతుంది. ఆళ్లగడ్డలో ఆ వీధి అంతా శిల్పుల ఇళ్లే కాబట్టి ఏ ఇల్లాలిని అడిగినా ఇదే గోడు. ఆ రోజు మాత్రం కిటికీ మూయబోయిన ఆమె చెయ్యి రెక్క మీదే ఆగిపోయింది. మొగుడు నాగలింగం చెక్కుతున్నది దేవుడి బొమ్మ కాదు, నల్లటి గ్రానైటు పలక. అక్షరాలు దూరం నుంచే చదవొచ్చు.

'నంద్యాల పాత స్టేడియం స్థలంలో వాణిజ్య సముదాయానికి శంకుస్థాపన.' కింద చెక్కాల్సిన పేర్లు సుద్దతో రాసి ఉన్నాయి. ఎన్ని పేర్లని! పెళ్లి పత్రికలో కూడా అంతమంది ఉండరు.

ఆ మొదటి వరుస ఆమె మళ్లీ చదివింది. కూతురు వినీత నంద్యాలలో ఇంటర్ చదువుతోంది. రోజూ బస్సులో పోయి వస్తుంది. కాలేజీ వదిలాక బస్టాండు పక్కనున్న ఆ పాత స్టేడియంలోనే లాంగ్ జంప్ సాధన చేసి, చీకటి పడకముందే బస్సెక్కుతుంది. బస్టాండు పక్కన ఉంది కాబట్టే ఆ పిల్ల ఆట సాగుతోంది. జిల్లాలో మొదటి స్థానం తెచ్చుకుని, రాష్ట్ర పోటీలకు తయారవుతున్న పిల్ల. ఆ చోటు పోతే ఆటా పోతుంది.

కొత్త స్టేడియం కడతామని పెద్దమనుషులు చెబుతూనే ఉన్నారు. ఒకాయన గోస్పాడు దారిలో కట్టాలన్నాడు, అక్కడ ఆయనకు పొలముంది. ఇంకొకాయన సంజామల వైపన్నాడు, అక్కడ ఆయన బావమరిదికి పొలముంది. మీటింగులు పెట్టి మరీ తిట్టుకుని, చివరికి రెండు చోట్లా రాళ్లు పాతారు. ఆ రెండు రాళ్లూ చెక్కింది నాగలింగమే. ఇంతవరకు ఒక్క ఇటుక పడలేదు.

లీలావతి కాఫీ గ్లాసు తెచ్చి పలక మీద ఠక్కున పెట్టింది.

"ఏందయ్యా ఇది?"

"రాయి. కనపడ్లా?"

"కనపడతాంది. చదివినా గూడా. నీ కూతురు యాడ ఆడుకుంటాదో తెల్సా నీకు?"

"నేను చెక్కకుంటే పక్కింటాయప్ప చెక్కుతాడు. కొత్తది కడతారంట గదా."

"ఎప్పుడు? నువ్వు ఇంకో నాలుగు రాళ్లు చెక్కినాకనా?"

అంతలో గేటు ముందు మోటారు సైకిల్ ఆగింది. కాంట్రాక్టరు మనిషి మనోజ్. పలక చుట్టూ తిరిగి పళ్లికిలించాడు.

"బాగుండాది ఆచారన్నా. సోమారం సార్లంతా వస్తాండారు. ఇంకో మాట. పాప ఆటలాడతాది గదా. ట్రాక్‌సూట్ ఏసుకోని పూలదండల పళ్లెం పట్టుకోమను. మైకులో, 'ఈ కాంప్లెక్సు వచ్చేది మా ఆటగాళ్లకు సంతోషం' అని రెండు ముక్కలు చెప్తే చాలు. పేపర్లో ఫోటో పడ్తాది."

లీలావతి మొగుడి వైపు చూసింది. ఛీ, పొమ్మంటాడనుకుంది. నాగలింగం చెవి గోక్కున్నాడు.

"పంపిస్తాలేప్పా," అన్నాడు.

నాయకులంటే ఆమెకు అసహ్యం ఎప్పటినుంచో ఉంది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి మీద పుట్టడం మాత్రం ఇదే మొదటిసారి. ఆయన తాగి పెట్టిన గ్లాసు ముట్టుకోవాలన్నా చెయ్యి రాలేదు. మనోజ్ వెళ్లేదాకా పంటి బిగువున ఊరుకుంది.

"లెయ్. చొక్కా ఏసుకో."

"యాడికి?"

"నువ్వు చెక్కిన రాయి చూపిస్తా. రాకుంటే ఈ పొద్దు నుంచి నీ కూడు నువ్వే వండుకో."

నంద్యాలలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని గోస్పాడు దారి పట్టేసరికి మధ్యాహ్నం దాటింది. కంపచెట్ల మధ్య మొదటి శిలాఫలకం వంకరగా నిలబడి ఉంది. ఎవరో దాని నిండా పిడకలు కొట్టారు. చుట్టూ ఖాళీ సీసాలు, ముక్కు పగిలే ఉచ్చ కంపు. లీలావతి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాగలింగం ఒక పిడక ఊడబీకాడు. కింద 'క్రీడాకారుల' అన్న మాట బయటపడింది. ఎంత శ్రద్ధగా చెక్కాడో ఆయన వేలికి తెలుసు. ఆ అక్షరాల మీద వేలు పోనిచ్చి, గబుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"తూ!" అన్నాడు. ఎవరిని అన్నాడో ఆమె అడగలేదు.

"పద. పాపను గూడా పిల్చుకోని ఇంటికి పోదాం," అంది.

కూతురు ఆడే చోటికి ఆయన ఏనాడూ రాలేదు. పాత స్టేడియం గేటు దగ్గరే కాంప్లెక్సు కోసం తోలిన కంకర కుప్పలు. లారీలు తిరిగి తిరిగి ఆ కంకర పిల్ల దూకే ఇసుక గుంతలో కూడా పడింది. వినీత వీళ్లను చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఇసుకలో రాళ్లు ఏరి అవతల పడేస్తోంది. తర్వాత లేచి, వెనక్కి పోయి, పరిగెత్తుకుంటూ వచ్చి గాల్లోకి లేచింది. నాగలింగం నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు.

దిగుతూనే పిల్ల నొప్పికి "అమ్మా!" అంది. పిక్క చీరుకుపోయింది. పాత గాట్ల మీద ఇంకో గాటు.

"నాయనా? నువ్వెందుకొచ్చినావ్?"

"ఈ గాట్లేందమ్మా?"

"రోజూ ఉండేదే నాయనా. అన్ని రాళ్లూ ఏరుకుంటా కూర్చుంటే దూకకముందే చీకటి పడతాది."

లీలావతి ఇక ఆగలేకపోయింది. "చెప్పయ్యా. సోమారం ఈమె పళ్లెం యాడ పట్టుకోవాల్నో చెప్పు!"

"ఏం పళ్లెం?" అంది వినీత.

నాగలింగం గుంతలోకి దిగి గొంతుకూర్చుని, ఇసుకలోకి రెండు చేతులూ పోనిచ్చాడు.

"వద్దు నాయనా, సీసా పెంకులు గూడా ఉంటాయి. చేతులు తెగుతాయి."

"నా చేతులకేం కాదులేమ్మా." ఆయన ఒక పెంకు తీసి అవతల పడేశాడు. "లీలా, ఆ పేర్లు నేను చెక్కను. పాపను యాడికీ పంపను."

"ఇంకోడు చెక్కుతాడు," అంది లీలావతి.

"చెక్కనీ."

కాంప్లెక్సు ఆగదని ఆమెకు తెలుసు. ఆ పెద్దమనుషుల మీద అసహ్యం తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ మొగుడి వీపు వెక్కిళ్లతో అదురుతుంటే ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. చెప్పులు విడిచి, తనూ గుంతలోకి దిగి, ఆయన పక్కన కూర్చుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

"నాయనా, ఇది తీసేస్తే నేను యాడ దూకల్ల?" అని అడిగింది వినీత.

ఆయన మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"వాళ్లు యాడన్నా పెట్టుకోనీమ్మా. గోస్పాడైనా, సంజామలైనా, బస్సున్నా లేకున్నా నిన్ను పిల్చుకపోయేది నేను. దూకు. ఇంతవరకు ఒక్కసారి గూడా చూడ్లేదు గదా నేను."