ఒక్క రీడింగే తేడా

2091. విశాఖలో సముద్రం అడుగున తిరిగే బస్సులు కూడా సొంతంగా ఆలోచిస్తున్నాయి. మనుషుల సంగతే ఇంకా తేలలేదు. అది తేల్చడానికే డాక్టర్ హైమవతి పదకొండేళ్ళు కూర్చుని మేధాసూచిని తయారుచేసింది. గోరంత పట్టీ. చెవి వెనక అతికిస్తే న్యూరాన్ల విద్యుత్ స్పందనలను చదివి, నుదుటి మీద ఒక్క మాట వెలిగిస్తుంది: జీనియస్, షార్ప్, యావరేజ్, స్లో లెర్నర్, డల్, ఓవర్ స్మార్ట్.

మొదట్లో మాటలు తెలుగులోనే పెట్టింది. 'మందబుద్ధి' అని వెలిగిన పెద్దమనిషి కోర్టుకెక్కాడు. ఆయనకే 'స్లో లెర్నర్' అని వెలిగిస్తే, "ఇదేదో టెస్టు రిపోర్టులా ఉందమ్మా" అని మర్యాదగా ఇంటికి పోయాడు. అప్పటినుంచి అన్నీ ఇంగ్లీషు మాటలే.

ఇవాళ ఆఖరి పరీక్ష. కమిటీ సభ్యులు ఐదుగురూ ముప్పై ఏళ్ళుగా కలిసి పనిచేస్తున్నవాళ్ళు. అందరూ పట్టీలు పెట్టుకుని, ఐదు రీడింగుల్లో ఏది ఒప్పో ఏది తప్పో ఎవరికి వారు రహస్యంగా రాయాలి. డెబ్బై అయిదు శాతం ఒప్పులు రాకపోతే ల్యాబు మూతే.

అధ్యక్షుడు జోగారావు గారి నుదుటి మీద 'యావరేజ్' అని వెలిగింది. మిగతావాళ్ళలో ఇద్దరు డల్, ఒకరు స్లో లెర్నర్, ఒకరు ఓవర్ స్మార్ట్.

"అయిపోయింది మేడమ్. మనకి తాళం ఏసేస్తారు," అన్నాడు అసిస్టెంటు నూకరాజు.

జోగారావు గారు హైమవతిని పక్కకు పిలిచారు. "ఏటమ్మా ఇది? ఆ నలుగురికీ అచ్చు గుద్దినట్టు పడ్డాది. ఇన్నేళ్ళూ నేననుకుంటున్నదే. నా ఒక్కడి దగ్గరే తేడా కొట్టేసింది, చూడు మరి."

ఆయన అటు వెళ్ళగానే రెండో ఆయన వచ్చాడు. తరవాత మూడో ఆవిడ. అందరిదీ అదే ఫిర్యాదు.

కాగితాలు విప్పితే ఐదింటిలోనూ ఒకే లెక్క. నాలుగు ఒప్పు, ఒకటి తప్పు. ఎనభై శాతంతో మేధాసూచి పాసయింది. కింద ఒక షరతు పెట్టారు: ఆ ఒక్క లోపం సరిచేయాలి.

హైమవతికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మనుషులింతేనయ్యా. లోపం యంత్రంలో లేదు, వాళ్ళ బుర్రల్లో ఉంది," అంటూ పదకొండేళ్ళలో తొలిసారి పట్టీ తన చెవి వెనక అతికించుకుంది. "ఏం పడిందో చూడు."

నూకరాజు గొంతు సవరించుకున్నాడు. "యావరేజ్ మేడమ్."

పట్టీ ఊడదీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "ఇప్పుడు?"

"అదే మేడమ్."

హైమవతి పట్టీ మళ్ళీ ఊడదీసింది. తరవాత, "స్క్రూడ్రైవరు తే," అంది. "కమిటీ వాళ్ళు చెప్పింది నిజమే. ఎక్కడో చిన్న లోపం ఉంది."

నూకరాజుకు మాత్రం ఈ రీడింగు నూటికి నూరుపాళ్ళూ సరిగ్గానే ఉందనిపించింది. స్క్రూడ్రైవరు తెచ్చి ఇచ్చాడు.